అలకని చేటలో బియ్యం పోస్తారేటి? మా అత్తగారి డిమెన్షియా డే కేర్, ఏడు నెలల రివ్యూ

సెంటర్ పేరు అడగొద్దు, రాయను. ఇందులో పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి, పైగా మా అత్తగారు ఇంకా అక్కడికే వెళ్తున్నారు, రేపు పొద్దున్న వాళ్ళ వ్యాను మా గేటు ముందే ఆగాలి. వైజాగ్‌లో ఒక డాబా ఇల్లు, కింద వాటా మొత్తం తీసుకుని డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళకి డే కేర్ నడుపుతున్నారు అనుకోండి, చాలు. పొద్దున్న 10 నుంచి సాయంత్రం 4 దాకా, ఆదివారం సెలవు, వ్యాను మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపి నెలకి 14 వేలు. బోర్డు మీద యాక్టివిటీ బేస్డ్ థెరపీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నా రివ్యూ అంతా ఆ మూడు మాటల మీదే.

మా అత్తగారికి 74. పుట్టిల్లు అనకాపల్లి, పెళ్ళయ్యాక కంచరపాలెంలో కాపురం, ఇప్పుడు మాతో పాటు అక్కయ్యపాలెంలో ఉంటున్నారు. చదువు అయిదో క్లాసు. ఇంట్లో పదిమందికి తక్కువ లేకుండా నలభై ఏళ్ళు వండి వార్చిన మనిషి. రెండేళ్ళ కిందట పులుసులో ఉప్పు రెండుసార్లు వేయడం, బీరువా తాళాలు బియ్యం డబ్బాలో దాచడం, నన్ను మా ఆడపడుచు పేరుతో పిలవడం మొదలైంది, వయసు కదా అని వదిలేశాం, మా తప్పే. ఒకరోజు రైతుబజార్‌కని వెళ్ళి మూడు గంటలైనా రాలేదు, మా ఆయన బండేసుకుని వీధులన్నీ తిరిగితే గురుద్వారా జంక్షన్ దగ్గర అరటిపళ్ళ బండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు, ఆ బండి అబ్బాయే మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడంట. ఆ బాబు దగ్గర తప్ప ఇప్పటికీ మేము వేరే బండి దగ్గర పళ్ళు కొనం.

న్యూరాలజీ డాక్టరు ముందు బీ12, థైరాయిడ్ చూపించమన్నారు, వాటిలో తేడా ఉన్నా మతిమరుపు వస్తుందంట, అదైతే మందులతో దారికొస్తుంది. మా అదృష్టం అలా లేదు, అవి రెండూ బాగానే ఉన్నాయి, స్కాన్ అదీ అయ్యాక అల్జీమర్స్ అనే రకం డిమెన్షియా అన్నారు. డొనెపెజిల్ మాత్ర 5 ఎంజీ రాశారు, తర్వాత 10 చేశారు. రాత్రి వేస్తే పిచ్చి పిచ్చి కలలొచ్చి లేచి కూర్చునేవారు, చెప్తే పొద్దున్నకి మార్చారు. ఆ డాక్టరు ఒకటే మాట చెప్పారు, అమ్మా ఈ మాత్ర పోయినదాన్ని తీసుకురాదు, ఉన్నదాన్ని కొన్నాళ్ళు పట్టి ఉంచుతుందేమో, రోజంతా మంచం మీద ఖాళీగా కూర్చోబెడితే మాత్రం మాత్ర కూడా ఏం చెయ్యలేదు అని. నాది ద్వారకానగర్‌లో ఆఫీసు ఉద్యోగం, ఆయనది గాజువాక, పిల్లలు కాలేజీ. ఖాళీగా కూర్చోబెట్టకూడదంటే మరి ఎవరు కూర్చుంటారు? మనిషిని పెడదామంటే పగటిపూట నర్సుకే 18 వేలు చెప్పారు, వచ్చినావిడ మొదటిరోజే సోఫాలో ఫోను చూసుకుంటూ కూర్చుంది.

అలా వెతికాం ఈ సెంటర్‌ని. మన దేశంలో 60 దాటినవాళ్ళలో వందకి ఏడుగురికి పైనే డిమెన్షియా ఉందని, దాదాపు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన లెక్క. ఈ ముక్క అమెరికాలో ఉన్న మా బావగారు పంపించారు, ఆయన అన్నీ పంపిస్తారు, తల్లిని మాత్రం తన దగ్గర ఉంచుకోరు. అంతమంది ఉంటే ఇంత పెద్ద ఊళ్ళో మాకు దొరికినవి ఎక్కువ వృద్ధాశ్రమాలే, పగలు తీసుకెళ్ళి సాయంత్రం ఇంటికి పంపేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. అందుకే ఇది దొరగ్గానే ఎగిరి గంతేశాం, ఏమీ అడగకుండా ఫీజు కట్టేశాం. అదీ తప్పే.

చేరిన రోజు 30 మార్కుల పరీక్ష పెట్టారు. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకో, వందలోంచి ఏడు తీసెయ్, మళ్ళీ ఏడు తీసెయ్. అత్తగారు ఆ అమ్మాయి మొహంలోకి చూసి "అంత లెక్కలొస్తే నానిక్కడెందుకుంటాను, నువ్వే సెప్పు, సదువుకున్నదానివి కదా" అన్నారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది, ఎందుకంటే ఇంట్లో కూడా అచ్చం ఇలాగే తప్పించుకుంటున్నారు, తెలియదని ఒప్పుకోకుండా మాట తిప్పేయడం. 14 వచ్చాయి. అయిదో క్లాసు చదివిన మనిషికి ఏడు ఏడు తీసేసే లెక్కలో మార్కులు కోస్తే అది రోగమా చదువా ఎలా తెలుస్తుందండీ అని అడిగితే ఫారం అంతేనండి అన్నారు.

మొదటి నెల చెప్తాను వినండి. గోడకి ఒక చార్టు, సోమవారం కలరింగ్, మంగళవారం పజిల్, బుధవారం రైమ్స్ అండ్ క్లాప్స్, ఇలా. రైమ్స్ అంటే నిజంగా రైమ్స్, ఎల్‌కేజీ పిల్లలవి, ఇంగ్లీషులో. 74 ఏళ్ళ ఆవిడకి సీతాకోకచిలుక బొమ్మ ఇచ్చి క్రేయాన్స్ చేతిలో పెట్టారు. ఆవిడ ఆ క్రేయాన్‌ని కొంగు చివర ముడేసుకుని ఇంటికి తెచ్చి మా చిన్నాడికి ఇచ్చారు, "గుంటడికి ఇమ్మన్నారు" అని. ఆవిడ లెక్కలో అది పిల్లాడి వస్తువు, పిల్లాడికి చేర్చేశారు, ఇక్కడ మతి ఎవరికి లేనట్టు? పైగా ఆయాలు ప్రతిదానికీ గుడ్ గర్ల్, వెరీ గుడ్ బేబీ అనడం. ఆవిడ ఆ ఆయాల్ని ఏమ్మా అంటే, వీళ్ళు ఆవిడని బేబీ అనడమేంటి. అమ్మా అనండి, మామ్మగారూ అనండి, నోరు నొప్పెడుతుందా?

ఇంక పప్పుల కథ. రెండో వారంలో అనుకుంటా, నేను సెలవు పెట్టి అక్కడే కూర్చున్నా చూద్దామని. ఒక ప్లాస్టిక్ ట్రేలో కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, ఎర్ర రాజ్మా అన్నీ కలిపేసి, పక్కన నాలుగు కప్పులు పెట్టి, అమ్మమ్మా వేటికవి వేరు చెయ్యండి అన్నారు. సార్టింగ్ యాక్టివిటీ అంట, కంటికీ వేలికీ మంచిదంట. అత్తగారు ట్రే దగ్గరికి లాక్కుని రెండు వేళ్ళతో కెలికి చూశారు. మొహం మారిపోయింది. "ఓలమ్మా, ఎవులు కలిపేరిది? మూడు పప్పులూ కలిపేసేరు, బుర్రుందా లేదా? సరుకు పాడు సేసేరు కదా" అని లేచి వంటగది ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి వంటావిడ మీద కేకలు. వంటావిడ బిత్తరపోయింది. స్టాఫ్ ఆరోజు రిపోర్టులో అజిటేటెడ్, నాట్ కోఆపరేటివ్ అని రాశారు. నేను ఆ కాగితం చదివి, ఏవండీ, మీ ఇంట్లో ఎవరైనా పప్పులన్నీ ఒక ట్రేలో కలిపేస్తే మీ అమ్మగారు కోఆపరేట్ చేస్తారా అని అడిగా. ఆవిడ బుర్ర పనిచేసింది కాబట్టే కోపమొచ్చింది!

ఈ మాటకి మేనేజర్ నవ్వేసి ఊరుకున్నాడు కానీ పక్కన ఓటీ మేడమ్ మాత్రం ఊరుకోలేదు. ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపిస్టు, వారానికి మూడు రోజులే వస్తారు, ఈ సెంటర్‌కి నేనిచ్చే స్టార్లన్నీ నిజానికి ఆవిడవే. నన్ను కూర్చోబెట్టి రెండు పేజీల ఫారం తీశారు. అత్తగారు పొద్దున్న ఎన్నింటికి లేచేవారు, లేవగానే మొదటి పని ఏంటి, ఏ చేత్తో ముగ్గేస్తారు, కింద కూర్చుని పనిచేసేవారా పీట మీదా, ఏ పని ఇంకొకరికి ఇవ్వడం ఇష్టం ఉండేది కాదు. ఆ చివరి ప్రశ్నకి నేను ఆలోచించకుండానే బియ్యం బాగుచెయ్యడం అన్నా. నా పెళ్ళైన కొత్తలో నేను ఏరిన బియ్యం ఆవిడ మళ్ళీ ఏరేవారు, నా ముందే. అప్పట్లో మండేది నాకు.

మేడమ్ చెప్పింది ఇది, నాకు అర్థమైనంతలో. నిన్న ఏం తిన్నాం, ఇప్పుడు ఏ నెల, ఇలాంటివి దాచుకునే చోటు హిప్పోకాంపస్ అంట, అల్జీమర్స్ ముందుగా దెబ్బ కొట్టేది అక్కడ. చేతులు నేర్చుకున్న పని వేరేచోట ఉంటుంది, అది చాలాకాలం నిలుస్తుంది. అందుకని మనిషి పేరు మర్చిపోయినా పూలు కట్టడం మర్చిపోరు. కెమరాన్ క్యాంప్ అని అమెరికాలో సైకాలజిస్టు, చిన్నపిల్లలకి చదువు చెప్పే మాంటిస్సోరి పద్ధతిని డిమెన్షియా వాళ్ళకి మార్చింది ఆయనే. అసలు ఆ పద్ధతి పెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి యుద్ధం వల్ల ఇక్కడే కొన్నేళ్ళు ఉండిపోయిందంట, ఇది నాకు తెలీదు. ఆ పద్ధతిలో అసలు సంగతి పిల్లల వస్తువులు పెద్దవాళ్ళ చేతికివ్వడం కాదు, నిజం పని నిజం వస్తువుతో చేయించడం. మరి క్రేయాన్స్ ఎందుకిచ్చారండీ అంటే, స్టాకు కొనేది నేను కాదమ్మా అన్నారు. ఆ నిజాయితీ నచ్చింది నాకు.

నెక్స్ట్ డే నేనే పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి వెదురు చేట కొన్నా, రెండు కేజీల రేషన్ బియ్యం పట్టుకెళ్ళా. ఇప్పుడైనా కుదురుతుంది కదా అనుకున్నాం అందరం. అత్తగారు చేటని తిప్పి చూశారు, అడుగున గోటితో గీకారు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని సందుల్లోంచి చూశారు, కింద పెట్టేశారు. "అలకని చేటలో బియ్యం పోస్తారేటి? సందులట్టుకుని నూకంతా కిందకెళ్ళిపోద్ది". నిజమే కదండీ! కొత్త చేటకి మెంతులు, పాత కాగితాలు నానబెట్టి రుబ్బి అలికి ఎండబెట్టాకే వాడతారు, మా అమ్మ కూడా చేసేది, నేను సూపర్ మార్కెట్ పేకెట్లకి అలవాటుపడి ఆ సంగతే మర్చిపోయా. డిమెన్షియా ఉన్నది ఆవిడకి, గుర్తుచేసింది ఆవిడ.

ఓటీ మేడమ్ మాత్రం ఎగిరి గంతేసింది, ఇదే యాక్టివిటీ ఇంకేం కావాలి అని. మర్నాడు ఆరుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు వరండాలో కూర్చుని పాత పేపర్లు చింపారు. ఏడాదిగా నోరు విప్పలేదన్న ఒక టీచరుగారు పేపరు చింపేముందు హెడ్డింగు పైకి చదివారంట, చదివి, చింపి, మళ్ళీ ఇంకోటి చదివి, చింపి. రాత్రంతా నానబెట్టి మర్నాడు మెంతులతో కలిపి రుబ్బారు, మిక్సీలోనే లెండి. ఆ గుజ్జుని అత్తగారు అరచేత్తో చేట లోపల గుండ్రంగా, అంచుల నుంచి మధ్యకి, ఒక్క చోట మందం ఎక్కువ కాకుండా పూస్తుంటే నేను వీడియో తీశా. మధ్యమధ్యలో తడి సరిపోయిందా లేదా అని బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. ఎవరో అమ్మమ్మా నాకూ నేర్పండి అంటే చెయ్యి పట్టుకుని "గట్టిగా రాయకమ్మా, పసిగుంటకి నూనె రాసినట్టు రాయాల" అన్నారు. నన్ను ఆరోజు ఎవరమ్మా నువ్వు అని రెండుసార్లు అడిగిన మనిషి ఈ మాట అన్నది.

మూడు రోజులు ఎండాక బియ్యం పోశాం. చెరగడం మొదలెట్టారు, ఆ టకటక శబ్దానికే గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగారు. పొట్టు ఒకవైపు, వడ్లగింజలు చేట అంచుకి, మట్టిబెడ్డ కనిపిస్తే ఏరి ఎడమచేతిలో పెట్టుకోవడం, మధ్యలో ఏదో దంపుడు పాట గొంతులోనే. ఇరవై నిమిషాలు అటూ ఇటూ చూడలేదు. కలరింగ్‌కి మూడు నిమిషాలు కూర్చునేవారు కాదు. పూర్తయ్యాక వంటావిడని పిలిచి అప్పజెప్పారు, ఆ బియ్యమే మర్నాడు వండారు, ఇది ముఖ్యం అన్నారు మేడమ్, ఏరిన బియ్యాన్ని వెనక గదిలో మళ్ళీ కలిపేసి రేపు ఇంకొకరికి ఇస్తే ఆ పనికి అర్థం లేదు అని. నేనైతే ఇంట్లో ఆ మోసం చేస్తున్నాను, ఒప్పుకుంటున్నా, సాయంత్రం ఆవిడ మడతపెట్టిన తువ్వాళ్ళని రాత్రి విప్పేసి మళ్ళీ బుట్టలో పడేస్తా, నాకున్నవి తొమ్మిది తువ్వాళ్ళే మరి. మొన్న "ఈ ఇంట్లో ఎన్ని తువ్వాళ్ళమ్మా" అన్నారు, గుండె ఆగినంత పనైంది.

బావగారికి వీడియో పంపితే ఇది ఎవిడెన్స్ బేస్డ్ కాదు, సీఎస్‌టీ చేస్తున్నారా అడుగు అని మెసేజ్. సీఎస్‌టీ అంటే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ. లండన్ వాళ్ళు 201 మంది మీద ట్రయల్ చేసి 2003లో ఫలితాలు ప్రచురించారు, గుంపుగా కూర్చోబెట్టి వారానికి రెండు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, ఏడు వారాలు, మొత్తం 14. మొదటి దశ, మధ్య దశ వాళ్ళ కోసం. మందులతో వచ్చేంత మేలు దీనితోనూ కనిపించిందని తేలింది, బ్రిటన్‌లో ప్రభుత్వ గైడ్‌లైన్స్‌లోనే ఉంది, మన చెన్నైలో స్కార్ఫ్ అనే మానసిక ఆరోగ్య సంస్థ వాళ్ళు కూడా ఇక్కడి మనుషులకి తగ్గట్టు మార్చి చేశారు. అడిగితే మా సెంటర్ బ్రోషర్‌లో కూడా సీఎస్‌టీ అని ఉంది! 14 సెషన్లకి మాకు జరిగినవి తొమ్మిది. ఓటీ మేడమ్ రాని రోజు టీవీయే సీఎస్‌టీ.

కానీ ఆ తొమ్మిదీ బాగా జరిగాయి, అబద్ధం చెప్పకూడదు. దాని కిటుకు ఏంటంటే జవాబు అడక్కూడదు, అభిప్రాయం అడగాలి. మొదట్లో ఒక ఆయా స్వీటు ఫొటో చూపించి ఇదేంటి చెప్పండి చెప్పండి అనేది, అత్తగారు ముడుచుకుపోయేవారు, తప్పు చెప్తానేమో అని. మేడమ్ వచ్చి నిజం స్వీట్లు ప్లేట్లో పెట్టి మాడుగుల హల్వా బాగుంటుందా, కాకినాడ కాజా బాగుంటుందా అంది. అంతే, యుద్ధం. షిప్‌యార్డ్‌లో చేసిన ఒక తాతగారు కాజాయే అంటారు, అత్తగారు మాడుగుల తప్ప ఒప్పుకోరు, ఇంకొకావిడ రెండూ కాదు మా ఇంట్లో చేసే బెల్లం గవ్వలు అని. నలభై నిమిషాలు ఎవరికీ ఏదీ గుర్తు లేకపోవడం అనే సమస్యే రాలేదు. షుగర్ ఉన్నవాళ్ళని ఎవరు చూసుకుంటారు అనేది వేరే విషయం, ఆరోజు అందరూ తిన్నారు, మా అత్తగారికి రాత్రి షుగర్ 260 వచ్చింది, ఇది కూడా రాయాలి కదా.

ఆ షిప్‌యార్డ్ తాతగారి గురించి ఒక్క ముక్క. ఆయనకి చెక్క పలకకి రకరకాల సైజుల బోల్టులు, నట్లు బిగించి ఇచ్చారు. సైజు చూడకుండానే వేళ్ళతో తడిమి ఏ నట్టు ఏ బోల్టుదో చెప్పేస్తారు. భోజనం బెల్ కొడితే ఎక్కడిదక్కడ వదిలేసి చేతులు తుడుచుకుంటూ "మిగతాది సెకండ్ షిఫ్ట్ వాళ్ళు చూసుకుంటారు" అని లేస్తారు. వాళ్ళబ్బాయి, నేను గేటు దగ్గర కలిసినప్పుడల్లా ఇది చెప్పుకుని నవ్వుకుంటాం.

ఇంట్లో తేడా వచ్చిందా అని అడుగుతారు అందరూ. జ్ఞాపకశక్తి పెరగలేదు. ఆర్నెల్ల తర్వాత మళ్ళీ పరీక్ష పెడితే 13 వచ్చాయి. పెరుగుతుంది అని ఏ సెంటర్ వాళ్ళైనా అంటే నమ్మకండి. తేడా వచ్చింది సాయంత్రాల్లో. మాకు పెద్ద నరకం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది, దీన్ని సన్‌డౌనింగ్ అంటారంట, ఎండ దిగుతుంటే మనిషిలో కంగారు మొదలవుతుంది. కొంగు బిగించి చెప్పులు చేత్తో పట్టుకుని "ఎల్లిపోదుం, సీకటి పడిపోతాది, మాయమ్మ సూస్తాది" అని గుమ్మం దగ్గర నిలబడతారు, ఆ అమ్మ పోయి 31 ఏళ్ళు. మీ అమ్మ లేదు అత్తయ్యా అని నిజం చెప్తే అప్పుడే పోయినట్టు ఏడుస్తారు, అందుకే చెప్పడం మానేశాం, టీ తాగి వెళ్దాం అంటాం.

గోడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టడం మొదలెట్టా, గొడవ లేని సాయంత్రానికి చుక్క, గొడవైతే అడ్డగీత, పక్కనే ఆరోజు సెంటర్‌లో ఏం చేశారో. మూడో నెల 24 రోజులు వెళ్ళారు. చేతిపని ఉన్న రోజులు 11, చేట, పూలు, వత్తులు లాంటివి, అందులో ఎనిమిదింటికి చుక్కలు. మిగతా 13 రోజులకి నాలుగే చుక్కలు. ఇది సైన్సు కాదు నాకూ తెలుసు, ముందురాత్రి నిద్ర లేకపోయినా, మూడు రోజులు విరేచనం కాకపోయినా కూడా అడ్డగీతే పడుతుంది, అయినా ఆ క్యాలెండర్ తీసుకెళ్ళి మేనేజర్ టేబుల్ మీద పరిచా. అప్పట్నుంచి రోజూ ఒక చేతిపని గ్యారంటీ అన్నారు, ముప్పాతిక వంతు నిలబెట్టుకున్నారు.

ఇంక తిట్లు. టీవీ. భోజనం అయ్యాక రెండు నుంచి మూడున్నర దాకా న్యూస్ ఛానల్, అది కూడా ఫుల్ సౌండు, నలుగురు అరుచుకునే డిబేట్లు. మామూలు మనుషులకే తల తిరుగుతుంది, వీళ్ళకి ఆ అరుపులు ఎవరింట్లోవో కూడా అర్థం కాదు, ఒకావిడ చెవులు మూసుకుని గోడవైపు తిరిగి కూర్చోవడం నేను కళ్ళారా చూశా. ఆయాలు సీరియల్ చూసుకోవడానికి రిమోట్ కోసం కొట్టుకుంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఇదొక్కటి మారలేదు.

ఫొటోల పిచ్చి ఇంకోటి. ప్రతి యాక్టివిటీకి గ్రూపులో ఫొటో పడాలి కాబట్టి పని మధ్యలో ఆపి అమ్మమ్మా ఇటు చూడండి, చప్పట్లు కొట్టండి. పూలు కట్టేటప్పుడు ఆపితే దారం జారిపోతుంది, మళ్ళీ మొదట్నుంచి. మా పర్మిషన్ లేకుండా ఇన్‌స్టాలో కూడా పెట్టారు, గట్టిగా అడిగితే తీసేశారు. ఆయాలు రెండు మూడు నెలలకోసారి మారిపోతారు, కొత్తమ్మాయి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ గుడ్ గర్ల్ నుంచి మొదలు. బాత్రూమ్ గుమ్మం దగ్గర నాలుగంగుళాల మెట్టు, పడితే తుంటి విరుగుతుంది అని మొదటి నెలలోనే చెప్పా, అయిదో నెలలో పసుపు టేపు అంటించారు. మెట్టు తీయమంటే టేపు. ఒకరోజు అత్తగారు వేరే ఎవరివో కళ్ళజోడు పెట్టుకుని ఇంటికొచ్చేశారు, ఆవిడవి రెండు రోజుల తర్వాత అక్కడి బియ్యం డబ్బాలో దొరికాయి. ఈ విషయంలో సెంటర్‌ని ఏమీ అనలేను, డబ్బాలో దాచే అలవాటు మాదే.

వ్యాను మామూలుగా టైముకే వస్తుంది, డ్రైవరు బాబు చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు, "రా పెద్దమ్మా" అంటాడు, ఆ మాటకే ఎక్కుతారు. కానీ నేవీ విన్యాసాల రిహార్సల్ రోజున బీచ్ రోడ్డు మూసేశారు, ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని సాయంత్రం ఆరున్నరకి దింపారు, ఒక్క ఫోన్ లేదు, నేను చేస్తే ఎత్తలేదు. ఆరోజు క్యాలెండర్‌లో అడ్డగీత కాదు, గీతలు.

చేర్చాలనుకునేవాళ్ళు మూడు రోజులు ట్రయల్ అడగండి, ఇస్తారు. వెళ్ళి ఒక పూట కూర్చోండి, బ్రోషర్ చదవకండి, మధ్యాహ్నం రెండున్నరకి చెప్పకుండా వెళ్ళి చూడండి, అసలు సెంటర్ అప్పుడే కనిపిస్తుంది. మీ వాళ్ళు ఏ పని చేసేవారో అడగకుండా యాక్టివిటీ మొదలెడితే అది థెరపీ కాదు, టైంపాస్. వస్తువులు నోట్లో పెట్టుకునే దశలో ఉన్నవాళ్ళైతే చింతపిక్కలు, గవ్వలు, పప్పులు అస్సలు వద్దు, మా దగ్గర వామనగుంటలు ఆడేటప్పుడు ఒక పెద్దాయన పిక్క మింగబోయాడు, పక్కన మేడమ్ ఉండబట్టి సరిపోయింది. మంచం దిగలేని వాళ్ళకి ఇది కాదు, డబ్బు దండగ. పెద్దవాళ్ళ గురించి ఏ సందేహం ఉన్నా ఎల్డర్ లైన్ 14567 కి చేయొచ్చు, అది ప్రభుత్వానిది, ఫ్రీ.

అయిదుకి మూడున్నర ఇస్తున్నా. ఓటీ మేడమ్ వారానికి ఆరు రోజులూ వస్తే నాలుగున్నర, ఆవిడ మానేస్తే ఒకటి. టీవీ తీసేసిన రోజు మళ్ళీ వచ్చి మార్చుతా.

చేట మాత్రం మీరే తీసుకెళ్ళండి, వాళ్ళ దగ్గర ప్లాస్టిక్ ట్రేలే ఉన్నాయి. పూర్ణా మార్కెట్‌లో బుట్టలమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతుంది, మెంతులు ముందురోజు రాత్రే నానబెట్టండి, పేపరు రంగుది కాకుండా మామూలు న్యూస్‌పేపరు చూసుకోండి, రంగు పేపరైతే బియ్యానికి అంటుతుందని మా అత్తగారు ఒప్పుకోలేదు.